రెండో నంబరు నడుము

లెక్కల మాస్టారు తన నడుమును పోగొట్టుకున్నది ఒక మంగళవారం ఉదయం, ఎడమకాలి మేజోడు కోసం. ఆ రోజు ఆయన తలపెట్టిన పని చాలా చిన్నది. ఏడున్నరకల్లా బడికి చేరి, పరీక్ష పేపర్ల కట్టలకు దగ్గరుండి సీళ్ళు వేయించాలి. మేజోడు మంచం కిందికి పోయింది. మాస్టారు వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

పక్క వీధి నుంచి రోజూ భోజనం డబ్బా తెచ్చే అక్కగారు వచ్చి చూసేసరికి, తమ్ముడు నేలకు మొహం పెట్టి ఉన్నాడు.

"ఏం వెతుకుతున్నావురా?"

"వెతకటం అయిపోయిందక్కా. లేవటమే మిగిలింది."

వీధి చివరి డాక్టరు చూసి, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు పక్కకు జారి నరాన్ని నొక్కుతున్నట్టుందని, స్కాన్ తీయించమని చెప్పాడు. "చాలామందికి వ్యాయామంతోనే తగ్గిపోతుంది. కొందరికి ఆపరేషన్ తప్పదు" అని కూడా అన్నాడు. అక్కగారు మొదటి వాక్యం పట్టుకుని ఇంటికొచ్చింది. బావగారు రెండో వాక్యం పట్టుకుని వచ్చాడు.

బావగారు బస్సుల డిపోలో మెకానిక్కుల మీద ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు.

"జారిన పార్టుని బతిమాలితే వెనక్కి వెళ్తుందా? విప్పాలి, తీయాలి, బిగించాలి. అంతే!"

"అది నా తమ్ముడి నడుమండీ, మీ డిపో బస్సు కాదు."

"బస్సయితే ఈపాటికి రోడ్డెక్కేది!"

నడుము అసలు సొంతదారైన మాస్టారు చాప మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. ఆయనకు నొప్పి కంటే ఆపరేషన్ గది తలుపు అంటే భయం. రెండేళ్ళ కిందట ఆయన భార్య ఆ తలుపు దగ్గర కళ్ళజోడు తీసి ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. తిరిగి తీసుకోవడానికి రాలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. మాస్టారు అసలే ఎత్తడు. స్కాన్ ఫిల్మ్ వచ్చి రెండు రోజులైనా, దాంతో వచ్చిన రిపోర్టు ఆయన విప్పలేదు.

ఇంతలో బడి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళలో సగం మంది అక్కగారి పక్షం, సగం మంది బావగారి పక్షం. ఫిల్మ్‌ను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని అందరూ చూసేవారే. సైన్సు టీచరు దాన్ని తలకిందులుగా పట్టుకుని అరగంట వివరించాడు. అందరికీ అర్థమైంది కూడా.

నాలుగో రోజున మాస్టారు నోరు విప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా పరీక్షల ఇన్‌చార్జిగా ఉన్న మనిషి.

"బావగారు సర్జన్ని అడిగితే ఆయన కోస్తానంటాడు. అక్క ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే ఆ అమ్మాయి వంచుతానంటుంది. ఇద్దరూ ముందే మార్కులు వేసేసుకుని కూర్చుంటారు. పేపరు ఎవరిదో తెలియకుండా దిద్దించాలి. ఇద్దరూ విడివిడిగా దిద్దాలి. ఒకరి మార్కులు ఇంకొకరికి కనబడకూడదు."

"ఒక్క పేపరే ఉంటే ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది మాస్టారూ. ఇంకోటి కలపాలి" అన్నాడు డ్రాయింగు మాస్టారు. బడిలో పేపర్లకు నంబర్లు వేసేది ఆయనే.

బావగారు ఛాతీ విరుచుకున్నాడు. "నాది పెట్టండి. కిందటి నెల ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో తీశారు. కవరు కూడా విప్పలేదు. నా నడుము సంగతి నాకు ఒకళ్ళు చెప్పాలా? మంచి నడుమంటే ఎలా ఉంటుందో ఆ డాక్టర్లూ చూసినట్టుంటుంది."

అంతా పద్ధతి ప్రకారం జరిగింది. డ్రాయింగు మాస్టారు పక్కగదిలో తలుపేసుకుని, రెండు ఫిల్ముల మీదా పేర్లు, వయసులు కనబడకుండా తెల్లకాగితం అంటించి, ఒకటి, రెండు అని నంబర్లు వేశాడు. రిపోర్టులు రెండూ, ఏ నంబరు ఎవరిదో రాసిన చీటీ ఒక కవరులో పెట్టి లక్కతో సీలు వేశాడు. తుది ఫలితం ఖాయమయ్యేదాకా ఆ కవరు విప్పకూడదు. అది నిబంధన.

బావగారు ఫిల్ములు రెండూ సర్జన్ దగ్గరికి పట్టుకెళ్ళాడు. "ఒకటో నంబరుకి వ్యాయామం చాలు. రెండో నంబరు మనిషిని తీసుకురండి, చూడాలి. చాలా మటుకు ఆపరేషనే అవుతుంది. నాన్చకండి" అన్నాడాయన. మర్నాడు అక్కగారు అవే ఫిల్ములు ఫిజియోథెరపీ అమ్మాయికి చూపించింది. "ఒకటో నంబరు వాళ్ళని ఆరు వారాల్లో నడిపించేస్తానమ్మా. రెండో వాళ్ళ మీద నేను చెయ్యి వేయను. ముందు సర్జన్‌కి చూపించండి" అంది ఆ అమ్మాయి.

ఒక్క మార్కు తేడా లేదు. అక్కగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావగారు వీధంతా వినిపించేలా గొంతు సవరించుకున్నాడు.

రెండో నంబరు ఎవరని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇంట్లో మూలిగేవాడు ఒక్కడే ఉన్నాడు కదా.

"ఆ కవరు విప్పి చూసేద్దాంరా" అంది అక్కగారు.

"ఆసుపత్రిలో చేరేదాకా విప్పకూడదక్కా. నిబంధన నిబంధనే" అన్నాడు మాస్టారు. నిబంధన వెనకాల దాక్కోవడానికి ఆయనకు ఇంత చోటు ఎప్పుడూ దొరకలేదు.

ఇక బావగారు పగ్గాలు చేతికి తీసుకున్నాడు. సోమవారానికి మంచం ఖాయం చేశాడు. ముందే వెళ్ళి దాని మీద పడుకుని, పరుపు మెత్తగా ఉందని మార్పించాడు. ఆరు వారాల సెలవు చీటీ ఆయనే రాసి హెడ్‌మిస్ట్రెస్‌కు ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆయన పెట్టిన మొహం చూసి, ఆవిడ లెక్కల క్లాసులు డ్రిల్లు మాస్టారికి అప్పగించింది. డ్రిల్లు మాస్టారు ఆ సంతోషంలో చందాలు పోగుచేసి, వీడ్కోలు కానుకగా గోడ గడియారం కొన్నాడు. శనివారం అందరూ వచ్చి చాప చుట్టూ నిలబడి, మాస్టారి సుగుణాల గురించి మాట్లాడారు. భూతకాలంలో మాట్లాడారు. మాస్టారు పడుకునే కృతజ్ఞతలు చెప్పి, వాళ్ళు వెళ్ళాక తాళంచెవులు ఎక్కడున్నాయో, కుళాయి ఏ వైపు తిప్పితే ఆగుతుందో ఒక కాగితం మీద రాసి పెట్టాడు.

సోమవారం సర్జన్ మాస్టారిని బల్ల మీద పడుకోబెట్టి కాలెత్తి చూశాడు. బొటనవేలు నొక్కి, "పైకి తొయ్యండి" అన్నాడు. మాస్టారు తోసిన తోపుకు సర్జన్ చెయ్యి లేచింది.

"నొప్పి ఉంది గానీ కాల్లో బలం ఎక్కడా తగ్గలేదే. ఈ కాలు ఆ ఫిల్ముది కాదు."

వెంట వచ్చిన డ్రాయింగు మాస్టారు కవరు తీశాడు. సాక్షులిద్దరూ సంతకాలు పెట్టేదాకా సీలు విప్పనన్నాడు. నర్సు ఒకటి పెట్టింది, బావగారు ఒకటి పెట్టాడు. చీటీ బయటికొచ్చింది.

"ఒకటో నంబరు, లెక్కల మాస్టారు. రెండో నంబరు..." ఏ నంబరు ఎవరిదో మొదటి నుంచీ తెలిసినా, సీలు విప్పేదాకా నోరు విప్పని డ్రాయింగు మాస్టారు కళ్ళెత్తకుండానే చదివాడు. "బావగారు."

"నంబర్లు తప్పేశావయ్యా!" అని అరిచాడు బావగారు.

సర్జన్ కవరులోంచి రిపోర్టు తీసి, పేరు చూసి, చదివాడు. "మీరు కాస్త మడమల మీద నడవండి" అన్నాడు. బావగారు డిపోలో తిరిగినట్టు దర్జాగా బయల్దేరాడు. కుడి పాదం లేచింది. ఎడమ పాదం వేళ్ళు నేల వదల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"ఎలా? ఏముంది? చెప్పులు సరిగా కుట్టటం లేదు ఈమధ్య."

"ఎడమ చెప్పు జారిపోతోందని రెణ్ణెల్లలో మూడు జతలు మార్చారండీ" అంది అక్కగారు. "చెప్పుల కంపెనీకి ఉత్తరం కూడా రాశారు."

"కాలు పడిపోతోందండీ, చెప్పు కాదు" అన్నాడు సర్జన్. "వారం దాటనివ్వకండి. మంచం ఎలాగూ మీరే చూసి పెట్టారు."

బావగారు ఆ మంచాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత ఆయన గొంతులోంచి ఎవరూ ఎరగని ఒక మెత్తని మనిషి మాట్లాడాడు.

"అంత తొందరెందుకండీ? వ్యాయామం అని ఒకటుంది కదా. శరీరమన్నాక దానికీ కాస్త టైమివ్వాలి. అదేమన్నా బస్సా?"

"నోర్ముయ్యండి!" అంది అక్కగారు. "విప్పాలి, తీయాలి, బిగించాలి!"

తమ్ముడి నడుముకు ఒక శాస్త్రం, మొగుడి నడుముకు ఒక శాస్త్రం. మాస్టారికి ఆపరేషన్ గది తలుపుకు ఇవతలే ఉండిపోయినందుకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ఎవరి పుణ్యమో గుర్తొచ్చి సిగ్గేసింది.

మంగళవారం నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి మాస్టారి ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఎవరూ పిలవకుండానే బావగారు పక్కన ఇంకో చాప పరిచాడు. "మీకు నేను చేయించనండీ" అని ఆ అమ్మాయి మొహం మీదే చెప్పినా, మాస్టారిని చూసి చేశాడు. గురువారానికి గుమ్మం దాటుతూ రెండుసార్లు తూలాడు. గుమ్మం ఎత్తు పెరిగిందన్నాడు.

శుక్రవారం ఉదయం ఆసుపత్రి అంగీకార పత్రం జేబులోంచి తీసి మాస్టారి ముందు పెట్టాడు.

"ఇదిగో, నువ్వే చెప్పు. లోపల ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా."

మాస్టారు ఆ కాగితం అందుకున్నాడు.

"లోపల సంగతి నాకు తెలీదు బావగారూ. నేను బయట ఉన్నాను." ఆయన కాగితం మడత సరిచేసి తిరిగి ఇచ్చాడు. "వెళ్ళండి. ఈసారి కూడా బయట నేనుంటాను."

బావగారు బల్ల దగ్గర కూర్చుని, కలం మూత తీసి, అది సరిగ్గా రాస్తోందో లేదో పాత కాగితం మీద గీసి చూశాడు. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. సాయంత్రానికి ఇంట్లో ఉన్న కలాలన్నీ బాగానే రాస్తున్నాయని తేలింది.

సంతకం ఇంకా కాలేదు.