వాగు దాటిన ప్యాకెట్

చిప్స్ ప్యాకెట్‌ను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట! పసిపిల్లల పాలిట అంతటి దేవుడు మరొకడు లేడని నా గట్టి నమ్మకం.

కావాలంటే వినండి. మొన్నటి వానలకు మా బాన్సువాడ దగ్గర వాగు పొంగి రోడ్డు తెగింది. అవతలి ఊరికి బస్సు బంద్, కూరగాయలు బంద్. అంగన్‌వాడీలోకి నీళ్లొచ్చాయి, గుడ్లు బంద్. మరి వచ్చిందెవరు? ప్యాకెట్! కిరాణా కొట్టు చందూలాల్ ట్రాక్టర్ ట్యూబు మీద మూటలు కట్టి, తాడు పట్టుకుని లాక్కొచ్చాడు. నీళ్లలో పడినా మునగదు, లోపలంతా గాలే కదా!

గుడ్లెందుకు రాలేదని అడిగితే పైవాళ్లు “రోడ్డు లేదు” అన్నారు. న్యాయమే. పాపం, చందూలాల్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ ఊరి గంగవ్వ మనవడు అఖిలేశ్‌నే చూడండి. రెండేళ్లవాడు. తల్లి వైశాలి కలుపుకు పోతే అవ్వే సాకుతుంది. తడి కట్టెలతో పొయ్యి రాజేసి, అన్నం పిసికి, వాడి వెంటపడి తినిపించే ఓపిక ఆమెకెక్కడిది? ప్యాకెట్ చింపితే పనైపోతుంది!

పిల్లాడి బలానికని అంగన్‌వాడీ వాళ్లు ముందే ఇచ్చిన పిండి ఏమైందంటారా? బర్రె తిన్నది!

“పిండి పెడితే పాలెక్కువిస్తది బిడ్డా,” అంది గంగవ్వ.

“మరి ఆ పాలు?” అడిగాను.

“డెయిరీకి పోస్తం. పోరనికి చాయ్ల బిస్కెట్ ముంచి పెడ్తం.”

ఇంత చక్కటి ఏర్పాటును ఎవరు కాదంటారు?

ఇక లాభాలంటారా! నిరుటి చొక్కా వాడికి ఇంకా వదులే. బట్టల ఖర్చు లేదు. ఉరకడు, గోడలెక్కడు, మోకాళ్లు పగలగొట్టుకోడు. మూలన బుద్ధిగా కూర్చుంటాడు. ఏ కాన్వెంటు నేర్పగలదండీ ఇంత క్రమశిక్షణ?

నెలలు గడిచాక చివరికి రోడ్డు పడింది. దవాఖాన నర్సమ్మ వచ్చి వాడి జబ్బకు టేపు చుట్టి చూసింది. “తోలు, బొక్కలే ఉన్నయి అవ్వా! గిట్లనే ఉంటే పోరడు దక్కడు. రేపే దవాఖానకు తీస్కరా,” అని గట్టిగా చెప్పింది. గుడ్లూ వచ్చాయి. గంగవ్వ ఒకటి ఉడకబెట్టి వాడి చేతిలో పెట్టింది.

వాడు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పళ్లతో ఎక్కడ చింపాలో వెతికాడు.

అందరం నవ్వాం. గంగవ్వ నవ్వలేదు. పెంకు తీస్తూ, “మర్చిండు బిడ్డ. గుడ్డంటే ఏందో మర్చిండు,” అని కళ్లొత్తుకుంది.

వాగు దాటించి పిల్లలకు నాలుగు గుడ్లు తేవాలని ఇంతమంది పెద్దవాళ్లలో ఒక్కరికీ తోచలేదు.