వెనుక కుడిచక్ర విజయము

భానుబింబము మేడల మీది నీటిట్యాంకులను దాటి పైకెగసి, పిట్టగోడలపై ఆరవేసిన దుప్పట్లను బంగారుపూతతో అలంకరించుచున్న ఒక ఆదివారపు పూర్వాహ్నమున, నాలుగంతస్తుల భవనము క్రింద, కార్లు నిలుపు స్తంభమధ్యమున, ఒక మహాసంగ్రామము జరిగెను. అందు నాయిక పళ్ళ డాక్టరు. పుచ్చుపళ్ళకు మృత్యుదేవత, జ్ఞానదంతోత్పాటనధురంధర, బిగిసిన దవడలను మృదువచనములతోనే తెరిపించు ప్రజ్ఞావతి. అట్టి మహనీయురాలి నీలికారు వెనుకభాగమున కొంతకాలముగా ఒక చప్పుడు కాపురము పెట్టెను.

రేకుపెట్టెను గచ్చుపై ఈడ్చినట్లు, మేకుతో పలకను గీచినట్లు, ఆ ధ్వని కారు కదిలినంతనే పుట్టి, వీధిలోని కుక్కలను నిద్ర లేపి, మలుపు తిరిగిన పిమ్మట కూడ వినబడుచుండెను.

ఆ ధ్వనివలన అందరికన్న ఎక్కువ నష్టపోయినది అత్తగారు. ఆమె టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి విశ్రాంతి పొందిన తీక్ష్ణకర్ణ. ప్రతి ఆదివారము కోడలి కారులో ఊరి ఆ చివరనున్న చెల్లెలి ఇంటికి పోయి, పందెము లేని పేకాట ఆడి వచ్చుట ఆమె వ్రతము. చప్పుడు పుట్టిన పిదప కూడ కొన్ని వారములు ఓర్చెను. కాని ఒకనాడు చెల్లెలి ఇరుగుపొరుగువారు బాల్కనీలలోనికి వచ్చి తొంగిచూచుటతో, "ఊరంతా దండోరా వేసుకుంటూ నేను రాను" అని భీషణముగా పలికి కారెక్కుట మానెను. బస్సు మెట్లా, ఆమె మోకాళ్ళకు అందవు. చెల్లెలు ఫోను చేసినపుడు "తలనొప్పిగా ఉందే" అని ఆమె అబద్ధమాడుచుండగా కోడలు వినెను.

"అలా ఎందుకు చెప్పారు అత్తయ్యా?"

"కారు బాగాలేదంటే జాలిపడుతుంది. తలనొప్పంటే మాత్రల పేర్లు చెప్తుంది. మాత్రలే నయం."

ఈ మాట కోడలి హృదయమున శూలమువలె నాటెను. తత్‌క్షణమే ఆమె మెకానిక్కును ఆశ్రయించెను. కాని, ఊరంతయు కీచుమన్న ఆ చక్రము షెడ్డు గడప దాటినంతనే మౌనవ్రతము పూనెను. మెకానిక్కు కారును ముందుకు నడిపెను, వెనుకకు నడిపెను, చెవి యొగ్గెను.

"రోగం కనబడితే కదా మేడమ్ మందు వేసేది" అని అతడు నిట్టూర్చెను.

రాత్రంతయు ఏడ్చిన పన్ను క్లినిక్కు కుర్చీలో కూర్చున్నంతనే నొప్పి మరచుట ఆమె నిత్యము చూచునదే. కారు ఇల్లు చేరి గేటు దాటుచుండగా ఆ ధ్వని మరల, మునుపటికన్న ఉత్సాహముతో, లేచెను.

అందుచేత ఆ ఆదివారమున కుటుంబమంతయు యుద్ధమునకు దిగెను. మొదట రంగమున నిలిచినవాడు భర్త, లెక్కల మేష్టారు, త్రికోణమితిపారంగతుడు, కరమున నూనెసీసా ధరించినవాడు.

"ఒక వస్తువు ఇంకో వస్తువుకి రాసుకుంటే చప్పుడొస్తుంది. మధ్యలో నూనె వేస్తే రాదు. అంతే కదా లెక్క."

"అది బ్రేకండీ. రాసుకోవడమే దాని ఉద్యోగం. నూనె పడితే చప్పుడుతో పాటు కారు ఆగడం కూడా మానేస్తుంది."

"ఒరేయ్" అని తల్లి కల్పించుకొనెను. "ఆ సీసా వంటింటి తలుపు బందులకి వెయ్యి. అవి ఎప్పట్నుంచో అడుగుతున్నాయి."

ఇట్లు ప్రథమవీరుడు నిరాయుధుడు కాగా, అత్తగారు వెనుకసీటు తలుపు తెరచి లోపల కూర్చుండెను. కోడలు ఆశ్చర్యముతో చూచెను.

"చూస్తావేం? చెవి పనికొస్తుందేమోనని ఎక్కాను. పోనియ్యి."

కారు ప్రాంగణమున మెల్లగా ప్రదక్షిణము చేసెను. వేలాది గొంతుకలను కేవలము తీగ గుండా గుర్తుపట్టిన ఆ చెవి, సీటు అంచుకు ఆని, ఆమె కన్నులు మూసికొనగా, సర్వము గ్రహించెను.

"కుడివైపు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒకసారి కీచుమంటోంది. బ్రేకు తొక్కు. ఊహూఁ, తేడా లేదు."

బ్రేకు తొక్కినను తేడా లేనిచో బ్రేకు అరుగుదల దోషము కాకపోవచ్చునని కోడలు తలచెను. పిమ్మట ముందుచక్రములకు ఇటుకలు అడ్డముపెట్టి, మేష్టారు చక్రపు బోల్టులపై దండెత్తెను. నాలుగు లొంగెను. అయిదవది మొండికెత్తగా ఆయన స్పానరుపై రెండుకాళ్ళతో నిలిచి, స్తంభమును కౌగిలించుకొని, తన శరీరభారమును ధారపోసెను. అదియు లొంగెను. కారును జాకీతో లేపి, క్రింద ఇనుపస్టాండు నిలిపి, చక్రమును ఊడదీయగా, ధగధగలాడు బ్రేకుపళ్ళెమును, దాని వెనుక పలుచని రేకుకవచమును ప్రత్యక్షమాయెను. ఆ రెంటి నడుమ వ్రేలు దూరని సందు.

ఆ సందును చూచినంతనే డాక్టరు పెదవులపై చిరునవ్వు మొలిచెను. వ్రేలు దూరని చోటులే ఆమె రాజ్యము. మేడపైకి పోయి, క్లినిక్కు సేవనుండి విశ్రాంతి పొందిన బుల్లి అద్దమును, కొక్కెపు సూదిని, టార్చిని తెచ్చి, పాతచాపపై పక్కకొరిగెను.

"ఇంకొంచెం పెద్దగా తెరవండి" అని అలవాటుకొద్దీ పలికెను.

"ఎవర్ని?" అని భర్త అడిగెను.

ఆమె అద్దమును సందులోనికి దూర్చెను. అద్దమున ఒక నల్లని బిందువు తోచెను. రాయి. రేకునకు పళ్ళెమునకు నడుమ కూరుకొని, మిరియపుగింజంత దేహముతో ఇంటిల్లిపాదికి నిద్ర లేకుండ చేసిన దురాత్మురాలు. సూది తగిలెను, జారెను. మరల తగిలెను, మరల జారెను.

"పళ్ళేన్ని వెనక్కి తిప్పండి. మెల్లగా. ఇంకాస్త. చాలు."

ముంజేయి ఒక్కసారి మెలితిరిగెను. 'టిక్' మని రాయి చాపపై పడెను. వంగిన రేకును ఆమె బొటనవ్రేలితో వెనుకకు నొక్కి, పళ్ళెమును చేతితో త్రిప్పగా, అది సడి లేక గిరగిర తిరిగెను. అత్తగారు చాలసేపు చెవి యొగ్గి వినెను.

"లైను క్లియర్" అనెను. కోడలి ముంగురులపై పడిన ధూళిని తన పైటచెంగుతో తుడిచెను.

ఆ మధ్యాహ్నమే చక్రము బిగించి, వచ్చుచున్నామని చెల్లెలికి ఫోను చేసి, అత్తాకోడళ్ళు నీలికారున బయలుదేరిరి. కారు మలుపులు తిరిగెను, ఏ కుక్కయు లేవలేదు. చెల్లెలి ఇంటి ముందు ఆగెను, ఏ బాల్కనీ తలుపును తెరువబడలేదు. ఓరవాకిలిగా నున్న తలుపును అత్తగారు త్రోయగా, లోపల చెల్లెలు బల్లముందు కూర్చుండి, పేకముక్కలను ఒక్కొక్కటిగా చూచి పేర్చుకొనుచు, ఒక జోకరును దిండుక్రింద దాచుచుండెను.

"ఏమే, ఏం చేస్తున్నావు?"

చెల్లెలు ఉలికిపడెను. "చప్పుడేం వినబడలేదే అక్కా. ఇదివరకు మలుపులోనే తెలిసేది."

"అవునా. అందుకేనా, ఆ కీచు పుట్టినప్పట్నుంచీ నువ్వే గెలుస్తున్నావు?"

చెల్లెలు ముక్కలన్నింటిని కుప్పచేసి, తలవంచి, అక్కచేతికిచ్చెను. "నువ్వే కలుపు" అనెను.

అక్క కలిపెను. కోడలు పంచెను. సూర్యుడు పడమటి కిటికీ చేరువేళకు, జనులారా, ఆ తీక్ష్ణకర్ణ, ధర్మయుద్ధమున, ఒక ఆట గెలిచెను.