వరహాలు అమ్మబోయిన రాజుగారి కారు

ఒక పెద్ద అడవిలో, అంటే సొంతంగా ఒక రవాణా ఆఫీసు పెట్టుకునేంత పెద్ద అడవిలో, దుంపల వరహాలు అనే అడవిపంది ఉండేవాడు. దుంపలు తవ్వడంలో అతన్ని మించినవాడు లేడు. తవ్వి, అమ్మి, నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు. వాగు ఒడ్డున ఉన్న ఈ బొరియ వదిలేసి, ఆ రాళ్లతో కొండ మీద ఓ గుహ కొనమని పెళ్లాం అప్పలకొండ ఏళ్ల తరబడి పోరుతోంది.

వరహాలు కారు కొన్నాడు.

అదీ అలాంటిలాంటి కారు కాదు, మృగరాజుగారి సీమ కారు. రాజుగారు కొత్తది తెప్పించుకుని పాతది అమ్మకానికి పెడితే ఎగబడి కొన్నాడు. సింగిల్ ఓనరు, ఆ ఓనరూ రోజంతా పడుకునే ప్రభువు, ఇక బండి అరిగిందెక్కడ?

పాపం, అతని బాధ అతనిది. ఆ అడవిలో ఎవరు ఎవర్ని తిట్టాలన్నా వరహాలు జాతి పేరు పెట్టే తిట్టేవాళ్లు. సభలో అతని పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. రాజుగారి కార్లోంచి దిగితే ఆ మాట అనడానికి నోరెలా వస్తుందో చూద్దామనుకున్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. అడవిలో సగం మంది కాపురాలు అలాగే నడుస్తున్నాయి, వరహాలునే అని ఏం లాభం?

కొన్నవాడు కొన్నట్టు ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. మెకానిక్ కొండముచ్చు దగ్గరికి తీసుకెళ్లాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలంటే కొండముచ్చుకి చేతులు దురద.

"రాజుగారి కారు పిల్లిలా పోతే ఏం బాగుంటుందండీ," అని ఉన్న సైలెన్సర్ పీకేసి, సింహంలా గర్జించేది బిగించాడు. "మీలాంటివారు ఇంత కిందనా కూచునేది," అని ఏనుగు పాదాలంత టైర్లు వేసి కారును గజం పైకి లేపాడు. అద్దాలకు నల్ల ఫిల్ము అంటించాడు. వెనక సీటు సంగతి మాత్రం వరహాలు సొంత ఆలోచన. సీటు తీయించి, రేకు తొట్టి పెట్టించి, అందులో వాగు బురద నింపించాడు. మనసు బాగోనప్పుడు కారు ఓ పక్కన ఆపి, వెనక్కెళ్లి కాసేపు పొర్లి వచ్చేవాడు. ఎంత రాజుగారి కారైనా, ఒంటికి అలవాటైంది ఒంటికి కావాలి కదా.

గర్జన వినగానే దారినపోయేవాళ్లు వంగి వంగి దండాలు పెట్టేవాళ్లు. దిగింది వరహాలని తెలిశాక, వెనకటి తిట్టే ఇంకాస్త గట్టిగా తిట్టేవాళ్లు.

ఇంతలో చీమలు గుడ్లు కరుచుకుని గట్లెక్కడం మొదలుపెట్టాయి. అప్పలకొండ నిండు చూలాలు.

"మావా, పోయినేడు గుహ మానేసి కారు కొన్నావు, పుట్టినోళ్లని వాగు పట్టుకుపోయింది," అంది. "ఈయేడు కూడా ఈ బొరియలోనే కనమంటే నావల్ల కాదు. వానలొచ్చేలోగా కొండ మీద గుహ కావాల. కారు అమ్ముతావో, కోరలు అమ్ముతావో నీ ఇష్టం."

పోయినేటి సంగతి గుర్తుకొస్తే వరహాలుకు ఇప్పటికీ దుంప గొంతు దిగదు. కారు అమ్మేద్దామని అప్పటికప్పుడే అనుకున్నాడు.

ఆ అడవిలో పాత బళ్లు అమ్మాలంటే జంబులింగం అనే నక్క దగ్గరికే వెళ్లాలి. నక్క తోక తొక్కినవాడికి అదృష్టమని లోకంలో మాట ఉంది కదా, జంబులింగం వ్యాపారమంతా ఆ మాట మీదే. తోకకు ఎర్రగుడ్డ చుట్టుకుని, వచ్చినవాళ్లందరికీ దాన్ని ఊపి చూపించి, "బేరం కుదిరాక తొక్కుదురు గానీ" అంటాడు. ఇంతవరకు తొక్కినవాడు లేడు.

జంబులింగం కారు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"ఈ సోకులకి బాగానే తగలేసినట్టున్నారే?"

"కారు కొన్నంతా అయింది. మరి అంత ధరా పెరుగుతుంది కదా?"

"తగ్గుతుందండి. పెట్టించుకున్నవాడికి అది సోకు, కొనేవాడికి అది రోగం."

మొదటి బేరం పంచాయతీ మెంబరు దుప్పి. ఎన్నికలొస్తున్నాయి, రాజుగారి కార్లో వెళ్లి ఓట్లడిగితే ఆ దర్జాయే వేరన్నాడు. తోలి చూడమని తాళం ఇచ్చారు. దుప్పి తిన్నగా తన మంద మేస్తున్న చోటికే పోనిచ్చాడు. గర్జన వినగానే మంద మొత్తం తోక పైకెత్తి పరుగు. అలవాటు కొద్దీ దుప్పి కూడా కార్లోంచి దూకి వాళ్లతోపాటు పరిగెత్తాడు. కారు తెచ్చుకోవడానికి వరహాలే వెళ్లాల్సి వచ్చింది.

రెండో బేరం తేనెల భద్రయ్యది. ఎలుగుబంటి, తేనె గుత్తేదారు. కొండ మీద ఆయనకో గుహ ఉంది. ఆ మాట చెవిన పడగానే వరహాలుకు ప్రాణం లేచొచ్చింది.

"కొండ కింద పెద్ద చెట్టుతొర్ర చూసుకున్నాను," అన్నాడు భద్రయ్య. "గుహ నీకిచ్చేస్తాను, కారు నాకిచ్చెయ్. కానీ ఒక్క మాట వరహాలూ. రాజుగారు ఎలా దిగారో బండి అలాగే ఉండాలి. ఎవరి చెయ్యీ పడకూడదు."

వరహాలు కొండముచ్చు దగ్గరికి పరిగెత్తాడు. పాత సామాను ఏదంటే, అది అప్పుడే అమ్ముకు తినేశానని చెట్టు మీంచే చెప్పాడు కొండముచ్చు.

"కంగారెందుకు?" అన్నాడు జంబులింగం. సైలెన్సర్ నిండా ఎండుగడ్డి కుక్కించాడు. టైర్లలో గాలి సగం తీయించి కారును కిందికి దించాడు. బురద తొట్టి మీద పలక పరిచి, పైన కంబళి కప్పించాడు. నల్ల అద్దాలు రాజుగారి పగటి నిద్రకేనని ఎవరైనా అనుకుంటారని అలాగే వదిలేశాడు.

"ఇది మోసం కాదా లింగం?"

"అబద్ధం చెబితే మోసం. మనం ఏమీ చెప్పం కదండీ, కప్పుతాం అంతే."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు అన్నారు గానీ, వరహాలుకు అడుసు తొక్కడం పుట్టుకతో వచ్చిన విద్య. తలూపాడు.

భద్రయ్య వచ్చి ముక్కు లోపల పెట్టి వాసన చూశాడు. "ఏమిటీ వాసన?"

"రాజుగారి ఒంటి వాసనండీ. ఇన్నాళ్లైనా పోలేదు," అన్నాడు జంబులింగం.

భద్రయ్య రెండు చేతులూ కళ్లకద్దుకుని మరోసారి గాఢంగా పీల్చాడు.

తర్వాత గుహ చూపించాడు. పూర్వం ఆ గుహ నోరు దక్షిణానికి ఉండేదట. గుడ్లగూబ సిద్ధాంతి వచ్చి, వాస్తు బాగోలేదని ఆ నోరు రాళ్లతో పూడిపించి, ఈశాన్యం మూల కొండని తొలిపించి కొత్త ద్వారం పెట్టించాడట.

"ఈశాన్యం పల్లంగా ఉండాలి, అక్కడ నీరుండాలి," అన్నాడు భద్రయ్య. "అన్నీ కుదిరిపోయాయి. నీ అదృష్టం."

"నేల చెమ్మగా ఉందేమిటండీ?"

"లక్ష్మీకళ."

వరహాలు వంగి ఆ చెమ్మకు దండం పెట్టాడు. ఇంత కుదిరిన గుహను ఈయన ఎందుకు వదులుకుంటున్నాడని అడగాలి కదా. అడగలేదు. ఎక్కడ ఆ కంబళి ఎత్తి చూస్తాడో అనే భయంతోనే అతనికి సరిపోయింది.

రవాణా ఆఫీసులో ఇన్‌స్పెక్టరు కూర్మారావుగారు. తాబేలు. నిజాయితీపరుడు, కారు చుట్టూ స్వయంగా తిరిగి చూస్తే గానీ సంతకం పెట్టరు. పొద్దున ముందు చక్రం దగ్గర బయల్దేరి, సాయంత్రానికి మళ్లీ అక్కడికే చేరారు.

"నేను బయల్దేరినప్పుడున్న కారు, వచ్చేసరికీ ఇక్కడే ఉంది," అన్నారు. "ఫిట్."

కారు భద్రయ్య పేర, గుహ వరహాలు పేర రాసేశారు. భద్రయ్య దిష్టి తీసి గుమ్మడికాయ కొడితే, ముక్కలు నేల మీద పడకముందే వరహాలు తినేశాడు. "ముహూర్తం రేపు మధ్యాహ్నం, ఈలోగా స్టార్ట్ చేస్తే అరిష్టం," అన్నాడు జంబులింగం. భద్రయ్య భక్తిగా కారును తోసుకుంటూ పోయాడు.

మర్నాడు వరహాలు కాపురం గుహలోకి మారింది. మధ్యాహ్నానికల్లా ఆకాశం నల్లగా కమ్ముకొచ్చి వాన దంచేసింది. ఈశాన్యంలో నీరుండాలన్న సిద్ధాంతి మాట పొల్లుపోలేదు. కొండ మీది నీళ్లన్నీ దారి తెలిసినట్టు కొత్త ద్వారంలోకే దూకాయి. అవి బయటికి పోవడానికి దక్షిణం నోరు పూడ్చేసి ఉంది. చూస్తుండగానే నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

"ఇదేనా మావా గుహ?" అంది అప్పలకొండ. "బొరియ అయితే వాగు పొంగేదాకా ఆగేది. ఇది వాగునే ఇంట్లో పెట్టుకుంది." అంటూనే కడుపు పట్టుకుని గోడకి ఒరిగిపోయింది. నొప్పులు మొదలయ్యాయి.

వరహాలుకు ఏడుపొచ్చింది. దర్జా కోసం ఒకసారి, అబద్ధం కోసం ఒకసారి, రెండేళ్లూ బిడ్డల్ని తానే నీళ్లకిచ్చినట్టయింది. మట్టి తెచ్చి ద్వారానికి అడ్డం పోస్తున్నాడు, పోసింది పోసినట్టు కొట్టుకుపోతోంది.

అప్పుడే కొండ కింద గర్జన వినిపించింది. ముహూర్తానికి నిమ్మకాయలు తొక్కించి, భద్రయ్య కారు స్టార్ట్ చేశాడు. గడ్డి ఎగిరి అవతల పడింది. కారు గర్జించుకుంటూ కొండెక్కి వచ్చి గుహ ముందు ఆగింది. ఇంజను ఆపకుండానే భద్రయ్య దిగాడు, ఒంటి మీద బొచ్చంతా నిక్కబొడుచుకుని ఉంది. పక్క సీట్లోంచి జంబులింగాన్ని కూడా మెడ పట్టుకుని దింపాడు.

"పందితనం చూపించావు కదయ్యా," అన్నాడు.

"మీ గుహలో లక్ష్మీకళ మోకాళ్ల దాకా వచ్చింది, వచ్చి చూడండి," అన్నాడు వరహాలు.

దొందూ దొందే. వానలో తడుస్తూ ఒకరి మోసం ఒకరు ఏకరువు పెట్టుకుంటున్నారు. ఆ ఇద్దరి మధ్య నుంచి అప్పలకొండ పడుతూ లేస్తూ బయటికొచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కారు తలుపు తీసి, లోపలికెక్కి, తలుపేసుకుంది. కంబళి బయటికొచ్చి పడింది. దాని వెనకే పలక.

కాసేపటికి వెచ్చటి బురదలోంచి కీచుకీచుమని గంపెడు గొంతులు వినిపించాయి.

ఆ గొంతులు దుమ్ములగొండ్లకూ వినిపించాయి. పొదల చాటు నుంచి మూతులు బయటపెట్టాయి. నల్ల అద్దాల్లోంచి లోపలున్నదెవరో కనబడదాయె. అప్పలకొండ ముందుకు వంగి పెడల్ ఒక్క తొక్కు తొక్కింది. ఆ గర్జనకు దుమ్ములగొండ్లు కొండ దిగి వాగు దాటిపోయాయి. సగం గాలితోనే ఆ టైర్లు కారును నీళ్లకు అందకుండా నిలబెట్టాయి. లోపల ఒక్క చుక్క పడలేదు.

అద్దం దించి అప్పలకొండ మొగుణ్ని చూసింది.

"ఇంత మంచి ఇల్లు కొని, కారని చెప్పి అమ్మబోయావేటి మావా?"

వరహాలు తడిసిన ముక్కు అద్దానికి ఆనించి, పిల్లల్ని చూసి, ఈసారి నిజంగానే ఏడ్చాడు.

ఇదే అదనని జంబులింగం మెల్లగా జారుకోబోయాడు. భద్రయ్య, వరహాలు మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చారు. ఆ అడవిలో నక్క తోక తొక్కిన అదృష్టవంతులు వాళ్లిద్దరే.

మర్నాడు భద్రయ్య ఆఫీసుకెళ్లి, నా కార్లో వేరేవాళ్లు కాపురం పెట్టారని ఫిర్యాదు చేశాడు. కూర్మారావుగారు ఉత్తర్వు ఇచ్చారు: "స్వయంగా వచ్చి తనిఖీ చేసేవరకు కారును కదపరాదు, అందులోని వారిని దింపరాదు." ఇచ్చి, వెంటనే కొండకు బయల్దేరారు.

చూసుకున్న చెట్టుతొర్ర కూడా ఆ వానకే కూలడంతో, వేరే దారి లేక భద్రయ్య ఈశాన్యం పూడ్చి, దక్షిణం తెరిచి, వరహాలు పేరున్న గుహలో ఉంటున్నాడు. భద్రయ్య పేరున్న కార్లో వరహాలు ఉంటున్నాడు. పిల్లలకు కోరలొచ్చి, వాళ్లకీ పిల్లలు పుట్టారు. కూర్మారావుగారు మొదటి మలుపు దాటారని మొన్ననే కబురొచ్చింది.

నీతి: మోసం చేసినవాడు మునుగుతాడు, నిజమే గానీ, ఆఫీసు పని ఆలస్యమైతే తేలతాడు.