కంటకయ్య కండువాలు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ ఫోన్లు వచ్చాయి. ఎలా వచ్చాయని అడక్కండి. మనుషులు అడవి చూడ్డానికని వస్తారు, అడవికి వీపు పెట్టి సెల్ఫీలు దిగుతారు, ఆ కాసేపట్లో కోతులు తమ పని తాము కానిచ్చేస్తాయి. కొండ మీద టవరు ఉండనే ఉంది. దాన్ని ఎవరి కోసం వేశారో గానీ, సిగ్నలు మాత్రం పులికీ జింకకీ సమానంగా అందేది. ఆ అడవిలో అందరికీ సమానంగా అందిన మొదటి వస్తువు అదే.

ఫోన్ల వెంట ఒక ఆట వచ్చింది. దాని పేరు కోటబురుజు. ఎవరి పొదలో వాళ్లు కూర్చుని, తెర మీద మాత్రం అందరూ కలిసి కోటల మీదికి దండెత్తే ఆట. ఆ ఆట వచ్చాక అడవిలో వేట తగ్గింది, నిద్ర తగ్గింది, ఒకళ్లనొకళ్లు పలకరించుకోవడం పూర్తిగా మానేశారు. దీన్నే అభివృద్ధి అన్నారు.

ఆ అడవిలో కంటకయ్య అనే ముళ్లపంది ఉండేవాడు. మనిషి మంచివాడే అనొచ్చు, మనిషి కాదు గనక. కానీ ఒంటి నిండా ముళ్లు. పెళ్లి భోజనాల్లో అతనికి అటొక రెండు ఆకులు, ఇటొక రెండు ఆకులు ఖాళీగా వదిలేవారు. "మరేం లేదు కంటకయ్యా, గాలి ఆడాలని" అనేవారు. ఇరవై ఊళ్ల గాలి ఒక్క కంటకయ్యకే ఆడేది. ఆ గాలంటే అతనికి ఏడుపొచ్చేది.

కోటబురుజులో తన వీరుణ్ణి మొదటిసారి చూసుకున్న రోజున కంటకయ్యకి నిజంగానే కళ్లనీళ్లు తిరిగాయి. ఆ వీరుడి ఒంటి మీద ఒక్క ముల్లు లేదు! పక్కవాడి భుజం రాసుకుంటూ నడవొచ్చు. "ఒక్కసారి, ఒక్క కోటగోడ మీద నలుగురితో భుజం కలిపి నిలబడితే చాలు, ఈ జన్మకి ఇంకేం అక్కర్లేదు" అనుకున్నాడు.

కోరిక చిన్నదే. కానీ ఆటకో నియమం ఉంది. ఏడాదికోసారి జరిగే పెద్దకోట పోటీలో ఒంటరివాళ్లకి చోటు లేదు, ఏదో ఒక దండులో చేరాల్సిందే. ఇంకో నియమం కూడా ఉంది. ఏ దండులో చేరినా మొదటి పక్షం రోజులూ కొత్తవాడి చేతులు తాళ్లతో కట్టేసి ఉంటాయి. చూడొచ్చు, కత్తి పట్టకూడదు.

కంటకయ్య పొద పక్కనే నింపాదమ్మ అనే తాబేలు ఉండేది. ఒకనాటి సాయంత్రం ఆవిడ మెల్లగా నడిచొచ్చి, తిన్నగా కంటకయ్య పక్కనే చతికిలబడింది. అతని ముళ్లు ఆవిడ చిప్పకి తగిలి టకటకలాడాయి. ఆవిడకి పట్టనే లేదు.

"ఏం నాయనా, ఆట ఆడతావటగా! మా దండులోకి రారాదూ? నేనూ, అలుగూ, ముంగిసా, అడవికోడీ ఉన్నాం."

"మీ దండు పేరేంటి పెద్దమ్మా?"

"పేరుండాలని ఆట ఒకటే పోరు పెట్టింది. 'ఊరికే' అని రాశాను."

కంటకయ్య మొహం ముడిచాడు. "అధ్యక్షులెవరు?"

"ఎవరికి తీరికుంటే వాళ్లు."

"జెండా ఉందా? ఆశయం?"

"జెండా లేదు. ఆశయమంటే... పొద్దుగూకే వేళ కాసేపు ఆడుకుని, దుంపలు కాల్చుకు తిని పడుకుంటాం."

"ఆలోచించి చెబుతాను పెద్దమ్మా" అన్నాడు కంటకయ్య. ఆ మాటకి మన భాషలో అర్థం ఏమిటో నింపాదమ్మకి తెలుసు. నవ్వుకుంటూ లేచి వెళ్లిపోయింది.

కంటకయ్య ఆలోచన ఇదీ. ఇంత పోటీ ప్రపంచంలో పేరూ ఊరూ లేని దండులో చేరి బతుకు పాడుచేసుకుంటామా? చేరితే సరైన దండులో చేరాలి. ఒకటికి నాలుగు చూడాలి. కూరగాయలే నొక్కి నొక్కి చూసి కొంటామే!

ముందు ఏనుగు ఘీంకారయ్యగారి మహాబల దండుకి వెళ్లాడు. అక్కడ చేరడమంటే మాటలు కాదు. ఇద్దరు సభ్యుల సిఫారసు కావాలి. తాత పేరు, తాత చేసిన యుద్ధాలు చెప్పాలి. కంటకయ్య తాత ఎవరితోనూ యుద్ధం చేసిన పాపాన పోలేదు, చూసినవాళ్లంతా ముందే పారిపోయేవారు. "తాతగారు అజేయులు" అని చెప్పి గట్టెక్కాడు.

చేరిక సభ జరిగింది. ఆట తెర మీదే అయినా సభ మాత్రం నేల మీదే జరగాలి. అది ఆ అడవి ఆచారం. ఘీంకారయ్యగారు తొండంతో బూడిదరంగు కండువా ఎత్తి కంటకయ్య భుజాల మీద వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఫోటో దిగారు. తీరా కండువా తీద్దామంటే రాదే! ముళ్లలో చిక్కుకుపోయింది. గట్టిగా లాగితే చిరుగుతుంది. దండు కండువా చించడం మహాపరాధం. సరే, వీపు మీద అలాగే ఉండిపోయింది.

మహాబల దండులో పొద్దున ఒక సమావేశం, ఆ సమావేశం ఎందుకు పెట్టారో చర్చించడానికి సాయంత్రం ఇంకొకటి. కంటకయ్య చేతులు కట్టుకుని విన్నాడు. ఎలాగూ ఆటలోనూ కట్టేసే ఉన్నాయి. రేపో మాపో తాళ్లు విడతాయనగా నక్క సుభాషితరావు దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"అన్నా! నీలాంటి వీరుణ్ణి వెనక వరసలో కూర్చోబెట్టారా అక్కడ? వింటేనే నా కడుపు తరుక్కుపోతోంది! మా జనదండుకి రా, వచ్చీ రాగానే ఉపాధ్యక్షుడివి."

అంతే. మర్నాడు కంటకయ్య నాలుగు మైనా పిట్టల్ని పిలిచి, "మహాబలలో నాకు తగిన గుర్తింపు దక్కలేదు. అడవి అభివృద్ధి కోసమే జనదండులో చేరుతున్నాను" అని ప్రకటించాడు. మైనాలు దాన్ని ఉన్నదున్నట్టు అడవంతా వల్లించాయి. సుభాషితరావు పసుపు కండువా కప్పాడు. అదీ ముళ్లలో చిక్కుకుంది. ఆటలో కొత్త తాళ్లు బిగిశాయి.

జనదండులో చేరాక తెలిసింది, అక్కడ అందరూ ఉపాధ్యక్షులే. మామూలు సైనికుడు మందుకి కూడా లేడు. "మరి కోట మీదికి వెళ్లేదెవరు?" అని అడిగాడు కంటకయ్య.

"మంచి ప్రశ్న అన్నా! దాని మీద ఒక ఉపసంఘం వేద్దాం. నువ్వే అధ్యక్షుడివి" అన్నాడు సుభాషితరావు.

ఈలోగా నెమలి పింఛరాజు కబురంపాడు. ఆయనది రంగుల దండు. అక్కడ వీరుల కిరీటాలు చూస్తే కళ్లు చెదిరేవి. కత్తులు పట్టుకుంటే గోరింటాకు చెదురుతుందని వాటిని ముట్టుకునేవారు కారు, అది వేరే విషయం. పింఛరాజు కంటకయ్యని ఎగాదిగా చూసి, "ఆ వీపు మీదవేంటి?" అన్నాడు.

కంటకయ్య తేలు కుట్టిన దొంగలా నీళ్లు నమిలాడు. "పాత... పాత దండుల కండువాలండీ. రావడం లేదు."

"రెండు పెద్ద దండులు కప్పాయా! ఎంత అనుభవం!" అన్నాడు పింఛరాజు, నీలం కండువా తెప్పిస్తూ. "ఒక్క కండువా కూడా లేనివాణ్ణి ఎలా నమ్ముతామయ్యా?"

ఆ రోజు కంటకయ్యకి జ్ఞానోదయమైంది. అప్పటిదాకా సిగ్గుతో ఓ పక్కకి ఒదిగి నడిచేవాడు, ఇక వీపు విరుచుకుని నడవసాగాడు. కండువా పెరిగే కొద్దీ గిరాకీ పెరిగింది. మహాబల వాళ్లు "సొంతగూటికి రా" అన్నారు. జనదండు వాళ్లు "నీ కుర్చీ నీకోసమే తుడిచిపెట్టాం" అన్నారు. కంటకయ్య ఎక్కని గుమ్మం లేదు, దిగని గుమ్మం లేదు. ఒక్క రోజు ఆడిన పాపాన పోలేదు గానీ, పెద్ద ఆటగాడని అడవంతా పేరు మోగిపోయింది.

అతన్ని చూసి మిగతావాళ్లకీ కన్ను కుట్టింది. ఇన్నాళ్లూ ఒకే దండుని పట్టుకుని వేలాడిన అమాయకులంతా గోడలు దూకడం మొదలెట్టారు. దుప్పి అటు దూకితే కణుజు ఇటు దూకింది. దండనాయకులు ముగ్గురూ ఒకరి మందలోంచి ఒకరు ఎగరేసుకుపోయారు. తెర మీద తలల సంఖ్య పెరిగితే చాలు, ఆ తలల కింద చేతులు కట్టేసి ఉన్నాయా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. తలలు లెక్కపెట్టే చోట చేతులతో పనేముంది?

పెద్దకోట పోటీ దగ్గర పడింది. కంటకయ్య గోడ మీద పిల్లిలా కూర్చుని ఒక ఎత్తు వేశాడు. 'గెలిచే దండేదో ముందు రోజుకి తేలిపోతుంది. అప్పుడు దాన్లోకి దూకుతాను. నా చేతులు కట్టేసి ఉంటే ఏం? అంతమందిలో నేనొక్కణ్ణి కత్తి పట్టకపోతే కోట కూలదా? గోడ మీద భుజం కలిపి నిలబడ్డానికి చేతులక్కర్లేదుగా!'

ముందు రోజు చూస్తే మహాబల దండు తలల్లో అందరినీ మించిపోయింది. కంటకయ్య ఒక్క దూకు దూకాడు. ఘీంకారయ్యగారు మళ్లీ బూడిద కండువా కప్పారు. అయితే ఆ ఆలోచన కంటకయ్య ఒక్కడికే వచ్చిందనుకుంటే పొరపాటు. ఆ పూట అడవిలో సగం మంది మహాబలలోకి దూకారు. చోటు చాలదని భయపడ్డ మిగతా సగం జనదండులోకీ రంగుల దండులోకీ దూకారు.

పోటీ రోజు వచ్చింది. తెర మీద బూర ఊదారు. పెద్దకోట ముందు మూడు దండులూ బారులు తీరాయి. చూస్తే రెండు కళ్లూ చాలవు.

"వీరులారా, ఎక్కండి గోడ!" అని గర్జించారు ఘీంకారయ్యగారు.

ఒక్కరూ కదల్లేదు.

"చేతులు కట్టేసి ఉన్నాయండీ, నిన్ననే చేరాను" అంది దుప్పి.

"నేనూ అంతేనండీ" అంది కణుజు. "నేనూ, నేనూ" అని వెనక వరసలు కూడా అందుకున్నాయి.

"మరి తమరి చేతులు ఖాళీయే కదండీ?" అన్నాడు కంటకయ్య వినయంగా.

"అధ్యక్షుడు కత్తి పట్టే సంప్రదాయం మన దండులో లేదు" అన్నారు ఘీంకారయ్యగారు.

అటు జనదండులో ఉపాధ్యక్షులంతా 'తమరు ముందు' అంటే 'తమరు ముందు' అని మర్యాదలు చేసుకుంటున్నారు. ఇటు రంగుల దండు వాళ్లు కోట వెనక వచ్చేలా ఫోటోలు దిగుతున్నారు. పొద్దుగూకింది. మహాసైన్యాలు మూడూ కందకం ఒడ్డున జాతరకొచ్చిన జనంలా నిలబడే ఉన్నాయి.

అప్పుడొచ్చింది 'ఊరికే' దండు. దుంపలు కాలేసరికి ఆలస్యమైందట. నింపాదమ్మా, అలుగూ, ముంగిసా, అడవికోడీ ఆ గుంపుల్ని తప్పించుకుంటూ నిచ్చెన వేసి పైకెక్కారు. అడ్డుకోవడానికి చేతులున్నవాడెవడు?

"పైన ఎవరూ లేరేంటే?" అంది నింపాదమ్మ.

"ఇవాళ సెలవేమో" అంది అడవికోడి.

"వచ్చాం గదా, కాసేపు కూర్చుందాం."

నలుగురూ గోడ మీద భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. తెర నిండా బంగారు అక్షరాలు పడ్డాయి, పెద్దకోట విజేత 'ఊరికే' అని. కింద కందకం ఒడ్డున, కట్టేసిన చేతులతో నిలబడి, కంటకయ్య వాళ్లని చూశాడు. అతను కోరుకున్న గోడ అది. అతను కోరుకున్న కూర్చోవడం అది. అక్కడ అయిదోవాడికి చోటు కూడా ఉంది.

తెల్లవారేసరికి నాయకులు తేరుకున్నారు. ఘీంకారయ్యగారు విచారణకి ఆదేశించారు. సుభాషితరావు, "ఊరికే మొదట్నుంచీ మా శాఖే" అన్నాడు. పింఛరాజు విజేతల పక్కన నిలబడి ఫోటో దిగాడు, విజేతలు ఫోటోలో పడలేదు.

కంటకయ్య మాత్రం ఎవరికీ చెప్పకుండా నింపాదమ్మ దగ్గరికి వెళ్లాడు. "పెద్దమ్మా, ఇప్పుడైనా చేర్చుకుంటావా?"

"అయ్యో, వద్దన్నదెప్పుడు నాయనా! పక్షం రోజులు తాళ్లుంటాయి, అంతేగా. ఈలోగా నా పక్కన కూర్చుని చూస్తూ ఉండు. దుంపలున్నాయి, తిందువు గాని." ఆవిడ కొంచెం జరిగి పక్కన చోటు చూపించింది. "ముందా గుడ్డలు విప్పించుకో, ఉక్కపోస్తుంది. చిరిగితే చిరిగాయి, నేను నోటితో లాగుతానుండు."

కంటకయ్య కూర్చోబోయాడు. ఒక ముల్లు ఆవిడ చిప్పకి టక్కుమని తగిలింది కూడా. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"అన్నా!" సుభాషితరావు గొంతు. "మూడు దండులూ కలిసి మహాసమాఖ్య పెట్టాం. ఏ దండు మంచిదో కొత్తవాళ్లకి చెప్పే పెద్ద ఒకరు కావాలి. అన్ని దండులూ చూసినవాడివి, నీకంటే అర్హుడెవరు? వేదిక సిద్ధం, మెత్తని కుర్చీ సిద్ధం, మూడు రంగులూ కలిపి కొత్త కండువా నేయించాం!"

కంటకయ్య నింపాదమ్మ చూపించిన చోటు చూశాడు. ఫోను చూశాడు. వీపు మీది కండువాలు ఒకసారి సర్దుకున్నాడు.

"రేపు వస్తాను పెద్దమ్మా."

"సరే నాయనా" అంది నింపాదమ్మ. ఈసారి నవ్వలేదు.

సభ ఘనంగా జరిగింది. సరైన దండుని ఎంచుకోవడం ఎలా అన్న విషయం మీద కంటకయ్య గంటసేపు దంచేశాడు. కుర్రజంతువులు నోళ్లు వెళ్లబెట్టుకుని విన్నాయి. మెత్తని కుర్చీ నిజంగానే మెత్తగా ఉంది. దానికి అటు రెండు కుర్చీలు, ఇటు రెండు కుర్చీలు ఖాళీగా వదిలారు. "మరేం లేదండీ, గాలి ఆడాలని" అన్నాడు సుభాషితరావు, ఈసారి 'అండీ' చేర్చి.

దూరంగా పొదల వెనక నుంచి దుంపలు కాలుతున్న వాసన వచ్చింది. ఎవరో పగలబడి నవ్వారు. కంటకయ్య చెబుతున్న మాట మధ్యలో వదిలి అటు తిరిగాడు, తర్వాత గొంతు సవరించుకుని అందుకున్నాడు.

నీతి: ఏ దండు మంచిదో ఎక్కడా నిలవనివాణ్ణే అడగాలి, నిలిచినవాడికి ఆటలోంచి తలెత్తి చెప్పే తీరిక ఉండదు.