ఆర్డిత్‌కు పదకొండు కిటికీల కార్డు

మా ఎల్మ్ క్రాసింగ్ చర్చి బేస్‌మెంటులో ప్రతి మంగళవారం కూర్చునే రబ్బరు ముద్రల సంఘం ఈ ఏడు హాలోవీన్ దెయ్యాల పండక్కి తయారుచేసిన కార్డుకు జిల్లా ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చిందని తెలియపరచడానికి సంతోషిస్తున్నాం. కార్డులో డెబ్భైమూడు ముక్కలున్నాయి. పదకొండు కిటికీలు తెరుచుకుంటాయి. దారం లాగితే పిల్లి తోక ఆడుతుంది. ఎవరికోసం చేశామో ఆవిడకు మాత్రం ఇంకా అందలేదు. అందకపోవడానికి ఉన్న కారణాలన్నీ సబబైనవే. వరసగా చెబుతాను, కాఫీ పోసుకుని కూర్చోండి.

ముద్రలంటే ఆఫీసుల్లో గుమాస్తాలు టపటపా కొట్టేవి అనుకునేరు. మా ముద్రల్లో గబ్బిలాలుంటాయి, సాలెగూళ్లుంటాయి, నోరు తెరిచిన గుమ్మడికాయలుంటాయి. సిరా అద్ది మందపాటి కాగితం మీద అచ్చు వేస్తాం. తడి ఆరకముందే దానిమీద మెరుపు పొడి చల్లుతాం. అంటుకోగా మిగిలిన పొడిని మధ్యకు మడిచిన చిత్తుకాగితంలోకి దులిపి మళ్లీ సీసాలో పోసుకుంటాం. వేడిగాలి గన్ను పట్టగానే అచ్చు ఉబ్బి నిగనిగలాడుతుంది. తర్వాత అంచు వెంబడి కత్తిరించి, వెనక స్పాంజి ముక్క అంటించి, కాగితం మీద కాగితంగా పైకి లేపుతాం. ఒక గబ్బిలానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. అందుకే మా సభ్యులెవరికీ చెడు అలవాట్లు లేవు.

ఈ సంఘాన్ని పెట్టింది ఆర్డిత్ సోల్‌బర్గ్ అక్క. 1983 మార్చిలో. ఆ రోజు ఆవిడ నీలం స్వెటరు తొడుక్కుంది, మూడో గుండీ ఊడిపోయి ఉంది. నిమ్మకాయ కేకు చేసుకొచ్చింది. అడుగు మాడింది, మేమెవరం పైకి అనలేదు. ఆ మొదటి రోజే ఆవిడ పెట్టిన నియమం ఇప్పటికీ గోడ మీద ఉంది: కార్డు మీద కలం పెట్టరాదు. చేతిరాత వంకరగా పోతుంది, అంత పనీ పాడవుతుంది. "ప్రేమతో" అనడానికి ముద్ర ఉంది. "త్వరగా కోలుకోండి"కి నాలుగు రకాలున్నాయి. చివరన వేసుకోవడానికి ఎవరి పేరు వాళ్లకు ముద్ర చేయించుకున్నాం. నలభై ఏళ్ల స్నేహంలో మేం ఒకరి చేతిరాత ఒకరం చూసి ఎరగం.

ఆర్డిత్ అక్క ఎనభై నాలుగో ఏట, మొన్న ఆగస్టులో, నారింజరంగు సిరా డబ్బా కోసం స్టూలెక్కి పడింది. తుంటి విరిగింది. చర్చికి ఎదురుగా రోడ్డవతల ఉన్న వృద్ధుల ఆశ్రమంలో ఉంచారు. మా బేస్‌మెంటు కిటికీలోంచి చూస్తే ఆవిడ గది కిటికీ కనబడుతుంది. పిల్లాజెల్లా లేని మనిషి. అయినా గట్టిది, అక్టోబరుకల్లా వాకరు పట్టుకుని నడిచేసింది.

అక్టోబరు మొదటి మంగళవారం ఆశ్రమం ఆఫీసు నుంచి షెరిల్ అనే అమ్మాయి ఒక కాగితం తెచ్చింది.

"ఆర్డిత్ గారిని ఇంటికి పంపించెయ్యొచ్చన్నారు డాక్టరు. కాకపోతే రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి, పది నిమిషాలు చాలు. వెళ్తామని ఒక్కరు సంతకం పెడితే అయిపోతుంది. ముప్పయ్యొకటి సాయంత్రం అయిదు దాకా టైముంది."

"పెట్టకపోతేనో?" అంది మా కార్యదర్శి బెర్నీస్.

"ఇక్కడే ఉండిపోతారండీ. ఆవిడ ఆస్తి చూసే లాయరు ఆ ఇల్లు ఖాళీ చేయించి అమ్మేస్తాడు. ఆవిడ మాత్రం మీ పేర్లే చెప్పారు. అయిదుగురున్నారు, నాకేం భయం అన్నారు."

మా కళ్లు చెమర్చాయి. షెరిల్ వెళ్లాక కాగితం బల్ల మధ్యలో, కేకు పళ్లెం పక్కన పెట్టుకున్నాం.

మా మిన్నసోటా మర్యాద మీకు తెలియనిది కాదు. పళ్లెంలో చివరి ముక్క మిగిలితే మేం దాన్ని సగానికి కోస్తాం. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తాం. ఆఖరికి గోరంత ముక్క ఎండిపోతుంది గాని, ముందుగా చెయ్యి చాపిందన్న మాట ఎవరూ పడరు. ఎవరైనా మూడుసార్లు బతిమాలితే అప్పుడు తీసుకోవచ్చు. రెండోసారికే సరేనన్న మనిషి 1961లో ఒకామె ఉండేది. పోయి ముప్పై ఏళ్లయినా ఆ సంగతి చెప్పుకుంటూనే ఉన్నాం.

"లవాన్ అక్కా, మీరు పెట్టండి. మీ ఇంటికీ ఆర్డిత్ అక్క ఇంటికీ మధ్య రెండిళ్లేగా" అంది మా అధ్యక్షురాలు మావిస్ నాతో.

"అయ్యో, నేనెంతదాన్నమ్మా. అధ్యక్షురాలివి నువ్వుండగా నేను ముందు పడితే ఏం బాగుంటుంది?"

"ఫర్వాలేదక్కా, పెట్టండి."

"వద్దులే తల్లీ. బెర్నీస్ రాత ముత్యాల్లా ఉంటుంది" అన్నాను, నేనెన్నడూ చూడకపోయినా.

మావిస్ మూడోసారి నోరు తెరవబోతుండగా పొయ్యి మీద కాఫీ పొంగింది. ఆవిడ లేచి వెళ్లింది. వచ్చాక మాట వేరే దారి పట్టింది. కాఫీ పొంగకపోయి ఉంటే నేను పెట్టేదాన్నే. ఈ మాట దేవుడి ముందైనా చెబుతాను.

అయినా చేతులు ముడుచుక్కూర్చునే మనుషులం కాదు. మావిస్ లేచి, అద్దాలు సవరించుకుని ఇలా ఉపన్యసించింది: "సోదరీమణులారా! మన వ్యవస్థాపకురాలు కష్టంలో ఉన్నారు. ఈ తరుణంలో ఒక మామూలు సంతకంతో మన ప్రేమను తేల్చేయడం సంఘం ప్రతిష్ఠకు తగదు. ఎల్మ్ క్రాసింగ్ చరిత్రలో ఎవరూ ఎవరికీ చేయనటువంటి హాలోవీన్ కార్డును ఆమెకు సమర్పించవలెనని ప్రతిపాదిస్తున్నాను." తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. చప్పట్ల ఊపుకు కేకు ముక్కలో మిగిలిన ఎనిమిదో వంతు కింద పడింది.

ఆ మర్నాటి నుంచి మంగళవారాలు చాలలేదు, రోజూ కూర్చున్నాం. కార్డు మధ్యలో నిలబెట్టే పాడుబడిన బంగళా పని మావిస్ భుజాన వేసుకుంది. మొదట మూడు కిటికీలే అనుకున్నాం. పక్క ఊరి సంఘం వాళ్లు అయిదు కిటికీలు పెడుతున్నారని తెలిసి ఏడు చేశాం. తర్వాత మనసొప్పక పదకొండు. ఒక్కో కిటికీ తెరిస్తే లోపల ఒక్కో వింత: అస్థిపంజరం జోలపాట పాడుతుంటుంది, మంత్రగత్తె సాక్సు అల్లుతుంటుంది. ఓల్సన్ అక్కచెల్లెళ్లిద్దరూ సాలెగూడు పోగులు వెండిపొడితో ఉబ్బిస్తూ తొమ్మిది రోజులు మాట్లాడుకోలేదు, ఊపిరికి పొడి ఎగిరిపోతుందని. గుమ్మడికాయలు నావి. పిల్లి బెర్నీస్‌ది.

"అది పిల్లా, తడిసిన సాక్సా?" అన్నాను.

"నీ గుమ్మడికాయల కన్నా నయమేలే. పుచ్చిన టమాటాల్లా ఉన్నాయి."

"తోక చూసుకోవే, తోక! ఎలుకలు కూడా నవ్విపోతాయి."

ఆ మాటకు రోషపడి తోకకు దారం కట్టింది. మంచి విమర్శ వల్ల కళ ఎలా ఎదుగుతుందో గమనించగలరు.

రోజూ పదకొండింటికి ఆర్డిత్ అక్క తన కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపేది. మా చేతులకు తడి సిరా, పొడి. ఊపితే రాలిపోతుంది. అందుకని తలలూపేవాళ్లం. బేస్‌మెంటు కిటికీ నేలమట్టానికి ఉంటుంది కాబట్టి ఆవిడకు మా తలలు కనబడి ఉండకపోవచ్చు. మనసులో ఊపుకోవడమే ముఖ్యం కదా.

మూడో వారంలో ఫోను చేసింది. నేనే తీశాను.

"ఒసే లవాన్, కాగితం ఏమైందే?"

"అదే పనిలో ఉన్నామక్కా. అయిదుగురం తిండి కూడా మానేశాం."

"ఏ పని? సంతకానికి అయిదుగురెందుకే?"

"చెప్పకూడదు గాని... నీకు కార్డు చేస్తున్నాం."

అవతల ఫోను దేనికో ఠక్కున తగిలింది. ఆనందంతో చేతిలోంచి జారింది కాబోలు.

"కార్డు నేనేం చేసుకోనే? నాలుగొందల కార్డులున్నాయి నా బీరువాలో. నాకు మా ఇంటికెళ్లాలని ఉంది. నా వంటింట్లో నేను కాఫీ కాచుకోవాలి. రోజూ పొద్దున ఒకసారి తలుపు కొట్టి 'బతికే ఉన్నావా' అని అడిగితే చాలు, లోపలికి కూడా రానక్కర్లేదే."

"పదకొండు కిటికీలు పెడుతున్నామక్కా."

"ఏమిటీ?"

"తెరుచుకుంటాయి."

ఫోను పెట్టేసింది. వ్యవస్థాపకురాలు ఎంతగానో కదిలిపోయారని బెర్నీస్ మినిట్స్ పుస్తకంలో టైపు కొట్టి అంటించింది.

ముప్పయ్యో తారీఖున కార్డు ముగిసింది. నాలుగు వేళ్ల మందం తేలింది. దానంతట అది నిలబడింది. లోపలి పేజీలో "మీకోసం ఎల్లప్పుడూ మేమున్నాం" అన్న ముద్ర వేసి బంగారు పొడి చల్లాం. పొడి దులుపుకుందామని చిత్తుకాగితం తీస్తే, దాని వెనక ఆశ్రమం వాళ్ల అచ్చు అక్షరాలు కనబడ్డాయి. షెరిల్ తెచ్చిన కాగితమది. నెల్లాళ్లుగా మధ్యకు మడిచి, మూడు రంగుల పొడి దానిలోకే దులుపుకున్నాం. ఓ మూల మూడు గబ్బిలాలు కూడా ఉన్నాయి, సిరా సరిపోయిందో లేదో చూసుకోవడానికి వేసినవి.

ఎవరి మీదా నింద వేయలేదు. పెద్దమనుషులం. పైగా మావిస్‌కు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మా అయిదుగురి పేర్ల ముద్రల్నీ ఒకే అట్టకు అంటించి, ఒక్కసారిగా కాగితం మీద ఒత్తితే ఎవరు ముందు, ఎవరు వెనక అన్న గొడవే ఉండదు. నారింజ సిరాతో ఒత్తాం, పొడి చల్లాం, కాల్చాం. సంతకం చోట అయిదు పేర్లు దీపాల్లా వెలిగాయి.

మర్నాడు నాలుగింటికి షెరిల్ వచ్చి చూసింది. వేలితో తడిమింది.

"చాలా బాగుందండీ, నిజంగా. కానీ ఒక్కరే పెట్టాలి. చేత్తో. మా ఆఫీసు పెద్దావిడ ముద్రలు ఒప్పుకోదు." ఖాళీగా ఉన్న కాగితం ఇంకొకటి సంచిలోంచి తీసి, పక్కన తన కలం పెట్టింది. "అయిదింటి దాకా ఇక్కడే కూర్చుంటాను. ఆవిడ మధ్యాహ్నం నుంచీ సర్దుకుని ఉన్నారు."

కిటికీలోంచి చూశాం. నిజమే. ఆర్డిత్ అక్క కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. గదిలో హీటరు పనిచెయ్యడం లేదేమో అంది బెర్నీస్.

"లవాన్ అక్కా, కానివ్వండి మరి" అంది మావిస్.

"నువ్వు కానివ్వమ్మా."

"బెర్నీస్?"

"అబ్బెబ్బే, నేను చిన్నదాన్ని." బెర్నీస్‌కు అరవై ఎనిమిది.

ఓల్సన్ అక్కచెల్లెళ్లు "నువ్వు పెట్టవే" అంటే "నువ్వే పెట్టు" అనుకుంటూ రెండున్నర సార్ల దాకా వచ్చారు. ఇంకాస్త టైముంటే తప్పకుండా తేలిపోయేది. ఒక దశలో నా చెయ్యి కలం దాకా వెళ్లింది కూడా. అందరూ నా చెయ్యి వైపే చూశారు. కలాన్ని కాస్త పక్కకు జరిపి, దాని కింద కేకు పొడి ఉంటే తుడిచాను.

అయిదు కొట్టింది. షెరిల్ తన కలం తాను తీసుకుని వెళ్లిపోయింది, పాపం. ఇక మేమంతా కార్డు మీద పడ్డాం. బయట మంచు కలిసిన వాన పడుతోంది. రోడ్డు దాటేది ముప్పై అడుగులే, కాని తడిస్తే సాలెగూడు చెడిపోతుంది. తపాలా వాళ్ల పెట్టెలో పట్టదు. దానికి సరిపడా ఓ అట్టపెట్టె చేద్దామనుకున్నాం. ఉత్త పెట్టె బాగుండదు కనుక దానిమీద కూడా గబ్బిలాలు వెయ్యాలి. ఆ లోపు జిల్లా ప్రదర్శన వచ్చిపడింది. ఆ సాయంత్రం మటుకు తాత్కాలికంగా కార్డును కిటికీకి ఆనించి ఆవిడకు చూపించాం. అప్పుడు ఆవిడ అటు తిరిగి కోటు విప్పుకుంటోంది. చూసే ఉంటుంది.

నవంబరులో ఇల్లు ఖాళీ చేయించారు. ముద్రలన్నీ మా సంఘానికే ఇచ్చేయమని ఆర్డిత్ అక్క చెప్పి పంపిందట. ఆరొందల పైచిలుకు. లాయరు ఎనిమిదింటికి రమ్మంటే మేం ఏడుంబావుకే గుమ్మంలో ఉన్నాం. తాళం తీసిన ఇరవై నిమిషాల్లో బీరువా ఖాళీ అయింది. మోచేయి తగిలి నా కళ్లద్దాలు వంగిపోయాయి. మావిస్‌దే ఆ మోచేయి. పాత జర్మన్ కాకి ముద్ర నాకు దక్కింది. నలభై ఏళ్లుగా దానిమీద కన్నుంది నాకు.

కార్డు ఇప్పుడు ఊరి లైబ్రరీలో గాజుపెట్టెలో ఉంది. వేళ్లు పెట్టకండి. బహుమతి సంగతి పేపర్లో పడ్డాక చుట్టుపక్కల జిల్లాల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి, తమవాళ్లకు కూడా ఇలాంటిది చేసిపెట్టమని. కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను. మీ మనిషి ఎవరైనా ఎక్కడైనా ఓ కిటికీ దగ్గర కూర్చుని మీ దారి చూస్తుంటే మొహమాటపడకండి, మాకు రాయండి. ఆ మనిషి పేరు, ఇష్టమైన రంగు, కార్డులో ఎన్ని కిటికీలుండాలో రాస్తే చాలు. మిమ్మల్ని ఏం అడిగారో రాయనక్కర్లేదు.