దర్జీ, స్టూలు, పాత ఫోను

ఆ రోజు పొద్దున్న దర్జీ పెట్టుకున్న పని ఒక్కటే. పన్నెండు గంటలలోపు కంటి ఆసుపత్రి పేజీ తెరిచి "వస్తున్నాను" అని నొక్కాలి. నొక్కితే సోమవారం శుక్లం తీస్తారు. నొక్కకపోతే మళ్లీ నాలుగు నెలలు ఆగాలి. అందాకా సూదిలో దారం ఎక్కించాలంటే భార్యను పిలవాలి. ఆవిడ ఎక్కించేటప్పుడు ఊరికే ఎక్కించదు.

చిక్కేమిటంటే, ఆయన ఫోను అద్దం పగిలి రెండు రోజులుగా బాగుచేసేవాడి దగ్గర ఉంది.

"దానికేం మామయ్యా, నా ఫోనులో చేసేస్తా" అంది కోడలు, చెప్పులు వేసుకుంటూనే. పేరు కొట్టింది, పుట్టినతేదీ కొట్టింది. పేజీ ఒప్పుకోలేదు. "ఇది కొత్త ఫోను. మీరు మీరేనా? మీ పాత ఫోనుకు ప్రశ్న పంపాం, అందులో జవాబు చెప్పండి" అంది.

"నేను ఎదురుగానే ఉన్నాగా! ఆ మాట చెప్పు దానికి."

"అది మిమ్మల్ని చూడదు మామయ్యా. ఏ ఫోను, ఏ చోటు, అంతే. మీరు రోజూ మన ఇంటి ముందరి దుకాణంలో కూర్చుని మీ ఫోను చూస్తారుగా, అలాగైతేనే నమ్ముతుంది."

"నేను కూర్చోవడం కూడా కనిపెట్టిందా!" దర్జీకి ముచ్చటేసింది.

కోడలు ఊరుకోలేదు. ఆఫీసుకు వెళ్లాక అక్కడి కంప్యూటరులో ఇంకోసారి ప్రయత్నించి, అత్తగారికి ఫోను చేసింది.

"అత్తయ్యా, పని చెడింది. ఇందాక ఇంట్లో ఉన్న మనిషి ఇప్పుడు ఊరి అవతల ఎలా ఉన్నాడంటోంది. మామయ్య పేరు పెట్టుకుని ఎవరో దొంగ తిరుగుతున్నాడట!"

"ఆయన గుమ్మమే దాటలేదే!"

పదకొండు దాటింది. దర్జీ తన ఫోను తెచ్చుకోవడానికి లేచాడు. రెండడుగులు వేసి, ఏదో ఆలోచించి, వెనక్కి వచ్చి, ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్న స్టూలును చంకన పెట్టుకున్నాడు.

"అదెందుకండీ?"

"అక్కడే నొక్కాల్సొస్తే? నిలబడి నొక్కితే నేను కాదంటుంది."

వీధిలో మొదట చూసింది ప్యాంటు కుట్టడానికిచ్చినాయన. "మాస్టారూ! దుకాణం ఎత్తేస్తున్నారా? నా ప్యాంటు?"

"లేదయ్యా, కంటి పని మీద పోతున్నా."

"కంటికి స్టూలెందుకూ?" అంటూ వెంటపడ్డాడు. మూల తిరిగేసరికి జాకెట్టు ఇచ్చినావిడ కలిసింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. దర్జీ ముందు, స్టూలు చంకలో, గుడ్డలిచ్చినవాళ్లు వెనక, అందరూ కలిసి ఫోన్ల దుకాణం చేరారు. తలుపుకు తాళం ఉంది. "ఇప్పుడే వస్తాను" అని చీటీ వేలాడుతోంది.

దర్జీ తాళం ముందే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పన్నెండయింది. ఎవరూ రాలేదు.

"అయిపోయింది" అన్నాడాయన మెల్లగా. "ఇంక నాలుగు నెలలు మీ ప్యాంట్లకూ జాకెట్లకూ మా ఆవిడే దిక్కు."

అందరూ వెనక్కి నడిచారు.

దుకాణంలో కుట్టుమిషను ముందు, గుడ్డల మూట మీద కూర్చుని ఫోను బాగుచేసేవాడు మంచినీళ్లు తాగుతున్నాడు.

"ఎక్కడికెళ్లారు పెద్దాయనా? మీ ఫోను ఇద్దామని సందు దారిన వచ్చా. ఇక్కడ ఆన్ చేశానో లేదో, 'మీరు మీరేనా' అంది."

"నువ్వేమన్నావు?"

"'టైమైపోతోంది, ఔనను నాయనా' అన్నారు ఇంట్లోంచి పిన్నిగారు. ఔనన్నా. వస్తున్నారా అంది. వస్తున్నానన్నా."

దర్జీ ఫోనును ముక్కుదాకా తెచ్చుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "ఫోను సరిపోయింది. చోటు సరిపోయింది. మీరు మీరేనని తేలింది. సోమవారం రండి."

సోమవారం ఆసుపత్రిలో నర్సు కాగితం చూసి, "ఈ పేరు మీదేనా?" అని అడిగింది.

దర్జీ వెనక్కి తిరిగి, స్టూలు మోసుకొస్తున్న ఫోను మనిషిని చూపించాడు. "నన్నడిగితే ఏం లాభమమ్మా, అతన్నడగండి."