కిటికీ అవతలి చెయ్యి

నూనె డబ్బాతో ఉచితంగా వచ్చిన, వంశమూలాలు చెప్పే ఉమ్ము పరీక్షలో వంటమేస్త్రి పిచ్చేశ్వరరావుకు ఒకటిన్నర శాతం కాలవవతలి పేట ఉన్నట్టు తేలడంతో, మంగళవారం ఉదయం సర్వేయరు మస్తాను వచ్చి ఆయన్ని కొలిచి, కుడిచెయ్యి మణికట్టు మీద రెండు వేళ్ల దాకా పేటదని తేల్చి, సున్నంతో హద్దు గీసి వెళ్లాడు.

కొలతలో పక్షపాతం ఏమీ లేదు. అరవై రెండు కిలోల మనిషిలో ఒకటిన్నర శాతమంటే తొమ్మిది వందల ముప్పై గ్రాములు. పేట ఊరికి దక్షిణాన ఉంది. మనిషిని తూర్పుముఖంగా నిలబెడితే దక్షిణానికి వచ్చేది కుడిచెయ్యి. వేళ్ల దగ్గర మొదలుపెట్టి గ్రాములు అయిపోయిన చోట మస్తాను ఆగాడు. ఆ చేతి బొటనవేలి ముద్ర ఆ చేతి తరఫున విడిగా తీసుకున్నాడు.

పది రోజులుగా కొండూరిపాడు ఊరు ఊరంతా పండగలా ఉంది. ఇంటింటా గొట్టాల్లో ఉమ్మి పంపించారు, ఇంటింటికీ మొదటి విడత కాగితాలు వస్తున్నాయి. సర్పంచి సాంబయ్యకు పాయింటు మూడు శాతం నార్వే వచ్చింది. నార్వే ఉత్తరాన ఉంది కాబట్టి అది ఎడమచెవి తమ్మెకు పడింది. సెంటర్లో ఆయన చెవి ఒక్కటే వేసి ఫ్లెక్సీ కట్టారు. చలిదేశపు చెవికి ఎండ తగలకూడదని ఆయన తడి తువ్వాలు చుట్టుకుని తిరుగుతున్నాడు. చూసినవాళ్లు చెవికి విడిగా నమస్కారం పెడుతున్నారు.

పిచ్చేశ్వరరావు భార్య నాంచారమ్మ కాగితం పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్లింది. కింద సన్నటి అక్షరాల్లో ఉన్న వాక్యం మీద వేలు పెట్టి కార్యదర్శికి చూపించింది. రెండు శాతం లోపు వచ్చినవి లెక్కలో తేడా వల్ల కూడా కావచ్చునని అందులో ఉంది.

"తేడా అని వాళ్లే రాశారు గదయ్యా. కొట్టేసి పంపించు."

"కొట్టెయ్యొచ్చమ్మా, ఒక్క సంతకం పని. కాకపోతే ఆ ముక్క అందరి కాగితాల మీదా ఉంది. ఇది కొట్టేస్తే ప్రెసిడెంటు గారి నార్వే కూడా పోద్ది."

పక్క కుర్చీలో ఉన్న సాంబయ్య చెవి తడుముకున్నాడు.

"సైన్సు చెప్పినదాన్ని మనం కాదంటే ఎట్టా చెల్లెమ్మా? ఉండనియ్యి."

నాంచారమ్మ ఇంటికొచ్చి వడ్రంగిని పిలిపించి, భోజనాల గది దక్షిణపు గోడకు కిటికీ పెట్టించింది. ఆ పూట నుంచి పిచ్చేశ్వరరావు లోపల పీట మీద కూర్చుంటున్నాడు. చెయ్యి బయట ఉంటోంది.

"నీ మీద నాకేం కోపం లేదయ్యా. నువ్వు హాయిగా లోపలే ఉండు. దాన్నొక్కదాన్నే బయట పెట్టు" అన్నది ఆమె, ఎడమచేత్తో తినడానికి చెంచా ఇచ్చి.

ఆయన సర్దుకున్నాడు. ఆయన దిగులంతా సుబ్బారాయుడి తిరణాల గురించే. ఇరవై రెండేళ్లుగా సంతర్పణకు వండేది ఆయనే. ఐదువేల విస్తళ్లు లేస్తాయి. ఆ గుండిగల ముందు నిలబడే ఒక్కరోజు కోసం ఆయన తక్కిన ఏడాదంతా పెళ్లిళ్లకూ తద్దినాలకూ వండుతాడు. ఇప్పుడు టౌను నుంచి వేరే మేస్త్రిని పిలుద్దామన్న మాట బయల్దేరింది. అలా అన్నవాళ్లే మర్నాటికి వెనక్కి తగ్గారు. ఆ చేతి పప్పుచారు లేకపోతే తిరణాలకు చుట్టాలు రారు. ఊరికి రుచి కావాలి, చెయ్యి పనికిరాదు. సమస్య ఇంత స్పష్టంగా ఉండటంతో పంచాయతీ మీటింగు ఉత్సాహంగా సాగింది.

గుండిగలు వంటశాల లోపల, చెయ్యి గోడ బయట, మధ్య కంతలోంచి తొమ్మిదడుగుల గరిటె. దీనికి అందరూ ఒప్పుకున్నారు. ఉప్పు దగ్గర ఆగింది.

"ఉప్పు గరిటెతో వేసేది కాదండీ" అన్నాడు పిచ్చేశ్వరరావు లేచి. "ఎంతని నన్నడిగితే నాకూ తెలీదు. పిడికిలికే తెలుసు."

"అయితే పైన కిటికీలోంచి విసరమను. మధ్యలో గాలి ఉంటే అంటు లేదు" అన్నాడు సాంబయ్య.

"ఎత్తు ఎంతని రాయమంటారు?" కార్యదర్శి కలం తీశాడు.

"కొత్తగా రాసేదేముంది? పేటవాళ్ల దోసిట్లో మనం మంచినీళ్లు పోసే ఎత్తే."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

తిరణాల నాడు పప్పుచారు మహా కుదిరింది. వడ్డించేవాళ్ల కాళ్లు నిలవలేదు. "ఇటు, ఇటు! ఇంకో గరిటె!" అని పంక్తులు పంక్తులే కేకలు. సాంబయ్య విస్తరి నాకినంత పని చేశాడు. అంత మంచి చెయ్యి ఇచ్చినవాళ్లు గొప్పవాళ్లని అందరూ పొగిడారు. ఆ ఇచ్చిన పేటవాళ్లు ఎప్పటిలాగే పందిరి వెనక, చివరి బంతి కోసం నిలబడి ఉన్నారు.

పిచ్చేశ్వరరావు లోపల పంక్తిలో కిటికీ పక్కన కూర్చున్నాడు. బయట చెయ్యి వేలాడుతోంది. ముప్పై ఏళ్లుగా ఆయన గుండిగలు తోమే పేట సువార్తమ్మ దాన్ని చూసి దగ్గరికొచ్చింది.

"ఏం మేస్త్రీ, ఇన్నాళ్లకు మా దిక్కు వచ్చావే!"

"నేను రాలేదే. చెయ్యొచ్చింది."

"చెయ్యొస్తే చాల్లే, వండేది అదేగా. ఎప్పుడన్నా దానికి పెట్టావా?"

ఆమె, గుండిగలు తోమేదని ముందే ఇచ్చిన తన వంతు విస్తరి తెచ్చి చెయ్యి కింద పెట్టింది. వేడన్నం తగలగానే వేళ్లు వాటంతటవే కదిలాయి. ఆమె పప్పుచారు పోస్తే కలిపాయి, ముద్ద చేశాయి. ముద్ద పైకి లేచి, గోడ దగ్గర ఆగింది.

"నోరేది మేస్త్రీ?"

"లోపలుంది."

"మరి ఎవరికి కలుపుతున్నావు?"

ముద్ద గాల్లో అలాగే నిలబడింది. కాసేపు చూసి సువార్తమ్మ దాన్ని అందుకుని నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు సరిపోయింది" అన్నది.

ఇరవై రెండేళ్లలో ఉప్పు సంగతి ఆయనకు ఎదురుగా చెప్పినవాళ్లు లేరు. పిచ్చేశ్వరరావు చెంచా కింద పెట్టి, లోపలి విస్తరిని తినకుండానే మడిచాడు. బయట చెయ్యి రెండో ముద్ద కలుపుతోంది.

తర్వాతి వారం పూర్తి ఫలితాలు వచ్చాయి. సాంబయ్య నార్వే చెక్కుచెదరలేదు. దానితోపాటు నాలుగు శాతం పేట ఉంది. నాంచారమ్మకు ఏడు. కార్యదర్శికి పదకొండు. ఇవి రెండు శాతం పైమాటే కాబట్టి సన్నటి అక్షరాలు వీటిని అంటవు. మస్తాను మూడు రోజులు ఊళ్లోనే మకాం పెట్టి కొలిచాడు. వడ్రంగికి ఊపిరి సలపలేదు. దక్షిణపు గోడలన్నిటికీ కిటికీలు లేచాయి.

ఇప్పుడు భోజనాల వేళ ఊళ్లో నడిచి వెళితే ప్రతి కిటికీలోంచీ ఏదో ఒకటి బయట కనిపిస్తుంది: ఒక మోచెయ్యి, ఒక భుజం, మెట్టెలు పెట్టిన ఒక కాలు. కాలవ వైపు వెళ్లే పేటవాళ్లు వాటిని పేరుపేరునా పలకరిస్తారు. అవి ఊపుతాయి. లోపలివాళ్లు చెంచాలతో తింటూ, బయట ఎవరిదో అలికిడి అనుకుంటారు.

వచ్చే ఏటికి కూడా మేస్త్రి పిచ్చేశ్వరరావేనని పంచాయతీ రాసింది. లోపలి పంక్తి వాళ్ల జాబితా సరిచూసిన కార్యదర్శి, ఊళ్లో పూర్తిగా లోపల ఉన్నవాడు ఒక్కడూ లేడని గమనించి, ఆ ముక్క కూడా రికార్డుకు ఎక్కించాడు. హద్దులు చెదరకూడదని ప్రతి సోమవారం అందరికీ సున్నం కొత్తగా వేస్తున్నారు. చెయ్యి నిలకడ గలవాడని ఆ పని కూడా పిచ్చేశ్వరరావుకే అప్పగించారు. ఆయన కిటికీ బయటినుంచి వేస్తాడు.